సభ్యత్వ సాఫ్ట్‌వేర్ కొన్నాక కూడా ఎక్సెల్ షీటే ఎందుకు గెలుస్తోంది?

సంక్షిప్తంగా: ఎవరు సభ్యులు, ఎప్పటి వరకు సభ్యులు, చందా బకాయి పడితే ఏం జరుగుతుంది అన్న ప్రశ్నలకు సంఘం దగ్గర స్పష్టమైన జవాబు లేకపోతే, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఆ గందరగోళాన్నే అందంగా చూపిస్తుంది. గడువు తేదీల లెక్క, పాత జాబితా శుద్ధి, బ్యాంకు ఖాతాతో పొంతన, ఎవరికి ఏ అనుమతి అన్న నాలుగు అంశాలు ముందే తేలితే మిగతా పని సులువవుతుంది. వీటిలో మొదటిదే అన్నిటికంటే కష్టం, అందరూ దాటవేసేదీ అదే.

వృత్తి సంఘాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, నివాసితుల సంఘాలు, సాంస్కృతిక సంస్థలు, క్రీడా క్లబ్బులు చేసే పని వేరైనా, వాటి కార్యాలయాల చరిత్ర దాదాపు ఒకే దారిలో నడుస్తుంది. మొదట ఒక రిజిస్టరు, తరువాత ఒక ఎక్సెల్ షీటు. సభ్యులు కొన్ని వందలు దాటి, చందా ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో కార్యదర్శి లెక్కకూ కోశాధికారి లెక్కకూ పొంతన కుదరని రోజున సభ్యత్వ నిర్వహణ సాఫ్ట్‌వేర్ కొనాలని తీర్మానం చేస్తారు. ఆ తరువాత జరిగేదే చాలామందికి అంతుపట్టదు. ఏడాది తిరగకముందే కార్యాలయంలో ఎవరో ఒకరు పక్కన మళ్లీ ఎక్సెల్ షీటు తెరుస్తారు. నమ్మదగిన లెక్క అందులో ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది పేరుకు మిగులుతుంది.

సిబ్బందికి శిక్షణ లేదనో, సాఫ్ట్‌వేర్ కష్టంగా ఉందనో దీనికి కారణం చెప్పడం మామూలు. అందులో కొంత నిజం ఉంది. అయితే లోతుగా చూస్తే కనిపించేది మరొకటి. షీటు ఏ ప్రశ్నా అడగదు. ‘చూద్దాం’, ‘అధ్యక్షుల నిర్ణయం’, ‘పోయినసారి లాగే’ అని ఏ గడిలో ఏది రాసినా ఊరుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఊరుకోదు. ఏ తేదీ, ఏ రకం సభ్యత్వం, ఎంత మొత్తం అని తేల్చి చెప్పమంటుంది. సంఘం ఏళ్ల తరబడి తేల్చకుండా నెట్టుకొచ్చిన విషయాలన్నీ అప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి.

షీటు ఎక్కడి వరకు పనికొస్తుంది

ఒక మనిషి చూసుకునే చిన్న జాబితాకు షీటు చాలు. యాభై మంది సభ్యులున్న సంఘం సాఫ్ట్‌వేర్ కొనడం చాలాసార్లు అనవసరపు ఖర్చే. ఇద్దరు ముగ్గురు ఒకే జాబితాను మార్చడం మొదలుపెట్టినప్పుడు, లేదా జాబితా నుంచి డబ్బు లెక్కలు తేల్చాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది.

షీటు చేసే తప్పులు చప్పుడు చేయవు, అదే వాటిలో ప్రమాదం. 2020 అక్టోబరులో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ తన రోజువారీ లెక్కల్లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు కలవలేదని గుర్తించింది. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు ఇవి లెక్కకు అందకుండా పోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి హెచ్చరిక లేకుండా జారిపోయాయి. మానవ జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీదీ ఇలాంటి అనుభవమే. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుండడంతో చివరికి ఆ జన్యువుల పేర్లనే మార్చుకోవలసి వచ్చింది. 2020లో వెలువడిన మార్గదర్శకాలు ఆ మార్పును ప్రకటించాయి. సాఫ్ట్‌వేర్‌ను మార్చడం కంటే శాస్త్రంలో పేర్లు మార్చడమే తేలికనిపించిందంటే, అలవాటుకు ఎంత బలముందో తెలుస్తుంది.

సంఘాల జాబితాల్లో ఇదే జబ్బు చిన్న రూపంలో కనిపిస్తుంది. 00417 అన్న సభ్యత్వ సంఖ్య 417గా మారుతుంది. ఫోను నంబరు ముందున్న సున్నా పోతుంది. 15 అంకెలకు మించిన సంఖ్య ఏదైనా ఉంటే ఆపై అంకెలన్నీ సున్నాలవుతాయి. ఒక నిలువు వరుసను మాత్రమే అక్షర క్రమంలో పేర్చితే ఒకరి పేరు పక్కన మరొకరి చందా వచ్చి కూర్చుంటుంది. ఈ తప్పులతో నిండిన ఫైలునే రేపు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు.

మనిషి, సభ్యత్వం, చెల్లింపు: మూడూ వేరు

షీటులో ఒక వరుస అంటే ఒక సభ్యుడు. పేరు, చిరునామా, చందా కట్టిన తేదీ, మొత్తం అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ నిర్మాణం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మనిషి వివరం ఒకచోట, ఆ మనిషికున్న సభ్యత్వం మరొకచోట, ఆ సభ్యత్వానికి వచ్చిన డబ్బు ఇంకొకచోట ఉంటాయి. మూడింటినీ లోపల ముడిపెడతారు.

ఈ తేడా అర్థమైతే చాలా గందరగోళం తీరుతుంది. మనిషి ఉండి సభ్యత్వం లేకపోవచ్చు. మాజీ సభ్యులు, దాతలు, కార్యక్రమాలకు వచ్చే అతిథులు ఈ కోవలోకి వస్తారు. ఒకే మనిషికి కాలక్రమంలో మూడు సభ్యత్వాలు ఉండి ఉండవచ్చు: మొదట విద్యార్థిగా, తరువాత సాధారణ సభ్యుడిగా, చివరికి శాశ్వత సభ్యుడిగా. ఒకే సభ్యత్వం కింద నలుగురు మనుషులు ఉండవచ్చు, కుటుంబ సభ్యత్వం అంటే అదే. ఒక సంస్థ సభ్యత్వం తీసుకుని తన తరఫున ఇద్దరు ప్రతినిధులను పంపవచ్చు. ఆ ప్రతినిధులు మారినా సభ్యత్వం అలాగే ఉంటుంది.

షీటు అలవాటుతో వచ్చినవారు చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. సభ్యత్వ రకం మారినప్పుడు పాత నమోదును ముగించి కొత్తది తెరవడానికి బదులు, పాతదాని మీదే కొత్త రకం దిద్దేస్తారు. ఆ క్షణంలో పాత చరిత్ర పోతుంది. ‘ఎన్నికల్లో పోటీ చేయాలంటే వరుసగా మూడేళ్లు సాధారణ సభ్యుడై ఉండాలి’ అన్న నియమం ఉన్న సంఘంలో ఆ దిద్దుబాటు ఎప్పుడో ఒకప్పుడు వివాదమై తిరిగి వస్తుంది.

కుటుంబ సభ్యత్వంలో ఓటు ఎన్ని? ఒకటా, వయోజనులందరికీ ఒక్కొక్కటా? ఇది సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని అడగవలసిన ప్రశ్న కాదు. నియమావళిలో జవాబు లేకపోతే సర్వసభ్య సమావేశం తేల్చాలి. తేలే వరకు ఆ అమరికను ముట్టుకోకపోవడమే మేలు.

‘ఈ రోజు సభ్యులు ఎవరు?’ అన్న లెక్క

మొత్తం వ్యవస్థకు కీలకం ఇదే. సభ్యుడి స్థితిని చేత్తో టైపు చేసే వివరంగా కాకుండా, తేదీల నుంచి ప్రతిరోజూ తనంతట తాను తేలే లెక్కగా ఉంచాలి. మొదలైన తేదీ, ముగిసే తేదీ, అదనపు గడువు ఎన్ని రోజులు అన్న మూడు విలువలు ఉంటే కొత్తవారు, ప్రస్తుత సభ్యులు, అదనపు గడువులో ఉన్నవారు, సభ్యత్వం ముగిసినవారు అన్న విభజన దానంతట అదే జరుగుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ స్థితిని చేత్తో మార్చే సౌకర్యం కూడా ఉంటుంది. మొహమాటం కొద్దీ ఒకరికి అలా మారిస్తే ఆ నమోదు అక్కడే బిగుసుకుపోతుంది. గడువు ముగిసినా ప్రస్తుత సభ్యుడిగానే కనిపిస్తూ ఉంటుంది. అలాంటివి యాభై పోగయ్యాక జాబితాను ఎవరూ నమ్మరు, షీటు తిరిగి వస్తుంది.

తేదీల విషయంలో సంఘాల ముందు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అందరికీ ఒకే తేదీన ముగిసే వార్షిక పద్ధతి. రెండోది, ఎవరు ఏ రోజు చేరితే ఆ రోజు నుంచి ఏడాది లెక్కించే పద్ధతి.

ఒకే తేదీ పద్ధతిలో ఓటర్ల జాబితా, బడ్జెటు, వార్షిక నివేదిక అన్నీ సులభం. దాని ధర, పనంతా ఒక నెలలో మీదపడడం. ఆ నెలలో కార్యదర్శి ఊళ్లో లేకపోతే ఏడాది ఆదాయమే వెనకబడుతుంది. ఏడాది చివర్లో చేరేవారి సంగతీ చూడాలి. డిసెంబరు 31తో ముగిసే సంఘంలో నవంబరు 20న చేరిన వ్యక్తి పూర్తి చందా కట్టి ఆరు వారాల్లో మళ్లీ కట్టమంటే కట్టడు. మిగిలిన నెలలకు మాత్రమే చందా తీసుకోవడం ఒక దారి. ఫలానా తేదీ తరువాత చేరినవారికి వచ్చే ఏడాది చివరి వరకు సభ్యత్వం ఇవ్వడం మరో దారి. రెండో దారిలో లెక్కలు తేలిక, రశీదులూ పూర్తి చందా మొత్తానికే ఉంటాయి. చిన్న సంఘాలకు అదే నయం.

చేరిన రోజు నుంచి లెక్కించే పద్ధతిలో పని ఏడాది పొడుగునా పరుచుకుంటుంది, డబ్బూ నెలనెలా వస్తుంది. కానీ సభ్యుల సంఖ్య రోజుకో రకంగా ఉంటుంది. ఎన్నికలకైనా కోరం లెక్కకైనా ‘ఫలానా తేదీ నాటికి ఉన్న సభ్యులు’ అని ఒక గీత గీయాలి. ఆ రోజు జాబితాను విడిగా దాచాలి. ఎందుకంటే నెల తరువాత అదే నివేదిక తీస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు అప్పటి స్థితినే చూపిస్తాయి తప్ప గీత గీసిన నాటి స్థితిని చూపించవు.

అన్నిటికంటే తరచుగా గొడవ తెచ్చేది ఆలస్యపు చెల్లింపు. మార్చి 31తో సభ్యత్వం ముగిసిన వ్యక్తి జూన్ 15న చందా కట్టాడు. కొత్త ఏడాది ఏప్రిల్ 1 నుంచా, జూన్ 15 నుంచా? కట్టిన రోజు నుంచి లెక్కిస్తే, మధ్యలో సేవలు ఆపని సంఘంలో 75 రోజులు ఉచితం. ఏటా ఇలా జాప్యం చేసే సభ్యుడు ఐదేళ్లలో 375 రోజులు, అంటే ఏడాదికి పైగా చందా లేకుండా గడిపేస్తాడు. క్రమం తప్పకుండా కట్టేవారే దీనికి మూల్యం చెల్లిస్తారు. అలాగని ప్రతిసారీ పాత తేదీ నుంచే లెక్కిస్తే, రెండేళ్లు దూరమై తిరిగి వచ్చిన మనిషి కట్టిన చందా గడిచిపోయిన కాలానికే జమవుతుంది, చేతికి ఏమీ రాదు. అందుకే అదనపు గడువు లోపల కడితే పాత తేదీ కొనసాగింపు, గడువు దాటాక కడితే కొత్త చేరిక అన్న మధ్యేమార్గం ఎక్కువచోట్ల కుదురుతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పాత తేదీ, కట్టిన తేదీ అన్న రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకునే ఉంటుంది. అది ఏదో చూడకుండా మొదటి ఏడాది గడిపేసిన సంఘాలు రెండో ఏడాది తేదీలన్నీ చేత్తో దిద్దుకోవలసి వస్తుంది.

శాశ్వత సభ్యులకు ముగింపు తేదీగా 2099 అనో 9999 అనో వేయడం పాత అలవాటు. గడువు లేని రకంగా విడిగా పెట్టడమే సరైన పద్ధతి. లేకపోతే ‘సగటు సభ్యత్వ కాలం’ లాంటి నివేదికలు నవ్వు తెప్పిస్తాయి. మరణించినవారి నమోదును తొలగించకుండా, కారణం రాసి ముగించాలి. ఆ ఒక్క గుర్తు పెట్టకపోతే, పోయిన మనిషి పేరు మీద ఇంటికి చందా గుర్తుచేసే లేఖ వెళుతుంది. కుటుంబానికి అది కలిగించే బాధను ఏ క్షమాపణా సరిదిద్దలేదు.

పాత జాబితాను ఎక్కించేటప్పుడు

కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి జాబితా ఎక్కించే పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుందని అమ్మేవారు చెబుతారు. ఎక్కించడం నిజంగానే మధ్యాహ్నం పనే. దానికి ముందు శుభ్రం చేయడం వారాల పని, ఆ పని సంఘమే చేసుకోవాలి.

పేరును ఆధారం చేసుకుని ఇద్దరిని ఒకరిగా గుర్తించడం ప్రమాదం. ఒకే పేరును మనుషులు రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనుక, ఒకసారి పొడి అక్షరంగా వస్తుంది. ఈమెయిల్ కూడా పూర్తి నమ్మకం ఇవ్వదు, భార్యాభర్తలు ఒకే చిరునామా వాడుతుంటారు. రెండు వివరాలు, ఉదాహరణకు ఫోను నంబరూ పుట్టిన తేదీ, సరిపోలినప్పుడే ఒకరుగా అనుమానించి, మనిషి కంటితో చూశాకే కలపాలి. కలపడం చాలా సాఫ్ట్‌వేర్లలో వెనక్కి తీసుకోలేని పని, అందుకే ముందు బ్యాకప్ తీయాలి. పాత సభ్యత్వ సంఖ్యను ఏ పరిస్థితిలోనూ వదిలేయకూడదు. కొత్త సంఖ్యలు ఇచ్చినా పాతదాన్ని ఒక అదనపు గడిలో ఉంచితే, పదేళ్ల నాటి రశీదు పట్టుకుని వచ్చిన సభ్యుడి నమోదు నిమిషంలో దొరుకుతుంది.

తేదీల రాత విషయంలో మొండిగా ఉండక తప్పదు. 03/04/2021 అంటే కొన్ని దేశాల్లో ఏప్రిల్ 3, కొన్నిచోట్ల మార్చి 4. ఫైలు ఒక పద్ధతిలో ఉండి సాఫ్ట్‌వేర్ మరో పద్ధతి ఆశిస్తే, నెలలో మొదటి 12 రోజుల తేదీలు నిశ్శబ్దంగా తారుమారవుతాయి, 13, ఆ తరువాతి తేదీలు మాత్రమే తప్పుగా పట్టుబడతాయి. సగం తప్పు దొరికి సగం దాక్కోవడం కంటే చెడ్డ స్థితి లేదు. 2021-04-03 లాగా సంవత్సరం ముందు రాసే ఐఎస్ఓ 8601 పద్ధతిలోకి మార్చి ఎక్కిస్తే ఈ బెడద ఉండదు. పేర్లు తెలుగులో ఉంటే ఫైలును అన్ని భాషల అక్షరాలనూ నిలిపే యూటీఎఫ్-8 రూపంలోనే భద్రపరచాలి. లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి, అవి తిరిగి అక్షరాలు కావు.

ప్రయోగంగా ముందు కొద్దిమందిని ఎక్కించమని అందరూ సలహా ఇస్తారు. ఏ కొద్దిమందిని అన్నది ముఖ్యం. జాబితాలో మొదటి ముప్పై మందిని తీసుకుంటే అంతా సజావుగా సాగినట్టే కనిపిస్తుంది. ఏరికోరి చిక్కు నమోదులను తీసుకోవాలి: కుటుంబ సభ్యత్వం, రకం మారినవారు, గడువు దాటి కట్టినవారు, రెండేళ్ల చందా ముందే కట్టినవారు, గౌరవ సభ్యులు, ఈమెయిల్ లేనివారు. ఈ రకాలన్నీ సరిగ్గా కూర్చుంటే మిగతా వేయి మందీ కూర్చుంటారు.

ఆ తరువాత ఒక తేదీ ప్రకటించి, ఆ రోజు నుంచి పాత షీటును చదవడానికి మాత్రమే తెరుచుకునేలా చేయాలి. రెండూ పక్కపక్కన నడిపే కాలం ఎంత పెరిగితే, రెండింటి మధ్య తేడా అంత పెరుగుతుంది.

డబ్బు దగ్గర ఎందుకు లెక్క తప్పుతుంది

కోశాధికారికీ సాఫ్ట్‌వేర్‌కూ పడకపోవడానికి ఒక నిర్దిష్ట కారణముంది. ఒక రోజున 40 మంది ఆన్‌లైన్‌లో చందా కట్టారనుకుందాం. ఒక్కొక్కరిది 1,000 అయితే సాఫ్ట్‌వేర్ 40,000 వచ్చిందంటుంది. చెల్లింపు సంస్థ తన రుసుము, 2 శాతం అనుకుంటే 800, మినహాయించుకుని రెండు రోజుల తరువాత 39,200 ఒకే మొత్తంగా బ్యాంకులో వేస్తుంది. బ్యాంకు పుస్తకంలో నలభై పేర్లు ఉండవు, నలభై వేలూ ఉండదు. మధ్యలో ఎవరికైనా డబ్బు వాపసు ఇస్తే అదీ అదే మొత్తంలోంచి పోతుంది.

చందా పూర్తి మొత్తాన్ని ఆదాయంగా, రుసుమును ఖర్చుగా విడివిడిగా రాయడమే దీనికి పరిష్కారం. చెల్లింపు సంస్థ ఇచ్చే జమ నివేదికలో ప్రతి మొత్తానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. సభ్యుల చెల్లింపుల పక్కన ఆ సంఖ్య నమోదయ్యేలా అమర్చుకుంటే నెలాఖరు పని గంటలోపే అవుతుంది. నికర మొత్తాన్నే ఆదాయంగా రాసే అలవాటు ఉన్నచోట ఆడిట్ వేళ సభ్యుల సంఖ్యను చందాతో హెచ్చిస్తే వచ్చే మొత్తానికీ ఖాతాకూ ఎప్పటికీ పొంతన కుదరదు.

నగదు, చెక్కుల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. సమావేశం రోజున బల్ల దగ్గర వసూలైన డబ్బు అదే రోజున, అందుకున్న తేదీతోనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కాలి. వసూలు చేసే వ్యక్తి, బ్యాంకుతో సరిచూసే వ్యక్తి వేరువేరుగా ఉండాలన్నది ఖాతా నిర్వహణలో పాత సూత్రం, సాఫ్ట్‌వేర్ వచ్చినంత మాత్రాన అది రద్దు కాలేదు. తప్పుగా రాసిన చెల్లింపును తొలగించకుండా, దానికి వ్యతిరేక నమోదు వేసి కొత్తది రాయాలి. రశీదు సంఖ్యల వరుసలో ఖాళీలు అనుమానాలకు తావిస్తాయి.

కార్డు ద్వారా ఏటా తనంతట తాను చందా కట్టించుకునే సౌకర్యం సభ్యత్వం నిలబెట్టడంలో బాగా పనిచేస్తుంది. మనిషి గుర్తుంచుకోవలసిన అవసరమే ఉండదు కాబట్టి మరచిపోవడం వల్ల జారిపోయేవారు తగ్గుతారు. దీనికో బలహీనత ఉంది: కార్డు గడువు ముగిస్తే చెల్లింపు విఫలమవుతుంది, సభ్యుడికి తెలియకుండానే సభ్యత్వం పోతుంది. కార్డు గడువుకు నెల ముందు ఒక సమాచారం, విఫలమైన వెంటనే ఒకటి, కొద్ది రోజుల తరువాత మరో ప్రయత్నం అన్న క్రమం ముందే అమర్చి ఉండాలి. కార్డు సంఖ్యలను సంఘం తన దగ్గర రాసుకోవడం మాత్రం అసలే తగదు. కార్డు కంపెనీలు 2004 నుంచి అమలు చేస్తున్న పీసీఐ డీఎస్ఎస్ భద్రతా ప్రమాణం ప్రకారం, కార్డు వెనుకనున్న మూడంకెల సంఖ్యను చెల్లింపు ఆమోదం పొందాక డబ్బు స్వీకరించేవారెవరూ దాచకూడదు. షీటులోనో, ఈమెయిల్‌లోనో అవి కనిపిస్తే వెంటనే తుడిచేయాలి.

గుర్తుచేసే లేఖ చేరుతోందా?

చందా గుర్తుచేసే ఈమెయిళ్లు సాఫ్ట్‌వేర్ పంపినట్టే చూపిస్తుంది, సభ్యులు అందలేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద ఎత్తున ఈమెయిళ్లు పంపేవారికి నిబంధనలు కఠినం చేశాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారు ఉత్తరం నిజంగా ఆ చిరునామా వారిదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలూ పెట్టుకోవాలి. ప్రచార సందేశాల్లో ఒక్క నొక్కుతో వైదొలిగే వీలుండాలి, స్పామ్ అని ఫిర్యాదు చేసేవారి శాతం 0.3 దాటకూడదు. చిన్న సంఘం ఆ సంఖ్యకు చేరకపోయినా కనీస ధ్రువీకరణ అందరికీ తప్పనిసరి. ఉచిత జీమెయిల్ చిరునామాను పంపినవారి పేరుగా పెట్టి, నిజానికి సాఫ్ట్‌వేర్ సర్వర్ నుంచి పంపితే ఆ ఉత్తరం నకిలీలా కనిపిస్తుంది. సంఘానికి సొంత డొమైన్ చిరునామా ఉండడం, సాఫ్ట్‌వేర్ సంస్థ ఇచ్చే ధ్రువీకరణ వివరాలను ఆ డొమైన్‌లో చేర్చడం చేస్తే చాలావరకు సమస్య తీరుతుంది. వారానికి మూడు ప్రకటనలు పంపే చిరునామా నుంచే చందా లేఖలూ పంపడం ఇంకో తప్పు. ప్రకటనలు విసిగించి స్పామ్ నొక్కినవారికి చందా లేఖ కూడా అందదు.

ఎవరికి ఎంత కనిపించాలి

కార్యవర్గమంతా ఒకే లాగిన్ పంచుకోవడం చాలాచోట్ల కనిపించే అలవాటు. దానివల్ల ఎవరు ఏం మార్చారో తేల్చలేరు, పదవి దిగిపోయినవారి చేతిలోనూ తాళం మిగిలిపోతుంది. ఒక్కొక్కరికీ విడి ఖాతా, రెండంచెల ధ్రువీకరణ, చేసే పనికి సరిపడా అనుమతి ఉండాలి. కార్యక్రమాలు చూసే వ్యక్తికి చందా చరిత్ర అక్కర్లేదు. మొత్తం జాబితాను దించుకునే అనుమతి ఇద్దరికి మించి ఇవ్వనవసరం లేదు. అన్ని లీకులూ హ్యాకర్ల వల్లే జరగవు, సద్భావంతో వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫైలు వల్ల కూడా జరుగుతాయి.

అమ్మిన సంస్థ పెద్దదైనంత మాత్రాన భరోసా లేదని 2020 నాటి బ్లాక్‌బాడ్ ఉదంతం చూపింది. లాభాపేక్ష లేని సంస్థలకు సాఫ్ట్‌వేర్ అందించే ఈ అమెరికన్ కంపెనీలోకి ఆ ఏడాది ఫిబ్రవరిలో చొరబడినవారిని మే నెలలో గుర్తించారు, జులైలో బయటికి చెప్పారు. సుమారు 13,000 ఖాతాదారు సంస్థల సమాచారం ప్రభావితమైంది. కంపెనీ 24 బిట్‌కాయిన్లు చెల్లించి సమాచారం చెరిపించినట్టు ప్రకటించింది. 2023 అక్టోబరులో 49 రాష్ట్రాలతో, వాషింగ్టన్ డీసీతో 4.95 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. సంఘాలకు ఇందులో పనికొచ్చే వివరం మరొకటుంది: పాత ఖాతాదారుల సమాచారాన్ని కూడా అవసరానికి మించి ఏళ్ల తరబడి దాచిందన్నది ఆ కంపెనీపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చేసిన ఆరోపణల్లో ఒకటి. లేని సమాచారం దొంగిలించలేరు. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా పనికి కావలసినంతే సేకరించాలని, కావలసినంత కాలమే ఉంచాలని చెబుతుంది. దరఖాస్తులో ఉన్న ప్రతి గడి ఎదుట ‘దీన్ని ఎవరు, దేనికి వాడుతున్నారు?’ అని అడిగితే మూడో వంతు గడులు రాలిపోవడం ఆశ్చర్యం కాదు.

నివేదికలో కనిపించే అబద్ధం

సాఫ్ట్‌వేర్ తెర మీద మొదట కనిపించే సంఖ్య ‘కొనసాగిన సభ్యుల శాతం’. దాన్ని ఎలా లెక్కించారో చూడకుండా వార్షిక నివేదికలో పెట్టకూడదు. 1,000 మంది సభ్యుల్లో 400 మంది శాశ్వత సభ్యులు, 600 మంది ఏటా చందా కట్టేవారు అనుకుందాం. ఆ 600లో 420 మంది తిరిగి కట్టారు. అందరినీ కలిపి లెక్కిస్తే 820, అంటే 82 శాతం. కట్టవలసినవారిలో కట్టినవారిని లెక్కిస్తే 70 శాతం. మొదటి సంఖ్య సమావేశంలో చప్పట్లు కొట్టిస్తుంది. వచ్చే ఏడాది బడ్జెటుకు పనికొచ్చేది రెండోదే. దానిలోనూ మొదటి ఏడాది సభ్యులను విడిగా చూడాలి. చేరిన ఏడాదికే వెళ్లిపోయేవారు ఎక్కువగా ఉంటే లోపం చందా గుర్తుచేసే లేఖల్లో వెతకడం దండగ.

ఖర్చు, బయటికి వచ్చే దారి

నెలవారీ అద్దె పద్ధతిలో అమ్మే సాఫ్ట్‌వేర్లు చాలావరకు నమోదైన మనుషుల సంఖ్యను బట్టి ధర నిర్ణయిస్తాయి. ఆ సంఖ్యలో మాజీ సభ్యులు, అతిథులు కలుస్తారా లేదా అన్నది ఒప్పందంలో చూడవలసిన మొదటి వాక్యం. కలిస్తే, ఒక పెద్ద కార్యక్రమానికి వచ్చిన అతిథుల పేర్లే సంఘాన్ని పై ధరలోకి నెట్టేస్తాయి. సివీసీఆర్ఎమ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ధర లేదు. అయితే సర్వర్ అద్దె, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్‌కు మార్చడం, చెడిపోతే బాగుచేసే మనిషి సంఘమే చూసుకోవాలి. ఆ మనిషి ఒక్కరే స్వచ్ఛందంగా చేస్తున్నట్టయితే అది ఉచితం కాదు, వాయిదా వేసిన ఖర్చు.

ఏదైనా కొనేముందు బయటికి వచ్చే దారి పరీక్షించాలి. పేర్లూ చిరునామాలూ దించుకునే సౌకర్యం అన్నిటిలో ఉంటుంది. చెల్లింపుల చరిత్ర, పాత సభ్యత్వాలు, ఎవరు ఎవరి కుటుంబంలో ఉన్నారన్న ముడి, జతచేసిన పత్రాలు కూడా వస్తాయా అన్నదే అసలు పరీక్ష. ప్రయోగాత్మక వాడకంలో ఉండగానే ఒకసారి అన్నీ దించి, తెరిచి చూడాలి.

కార్యవర్గం మారే సంఘాల్లో ఈ పరీక్షనే బాధ్యతల అప్పగింతలో భాగం చేసుకోవచ్చు. పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి కలిసి పూర్తి సమాచారాన్ని దించి, సభ్యుల సంఖ్య, రశీదుల సంఖ్య, ఏడాది చందా మొత్తం అనే మూడు అంకెలు తెర మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూసి కాగితం మీద సంతకాలు చేస్తారు. అదే సమావేశంలో పాతవారి ఖాతాలు మూసివేస్తారు, చెల్లింపు సంస్థలోనూ డొమైన్ నమోదులోనూ ఉన్న ఫోను నంబర్లను కొత్తవారివిగా మారుస్తారు. ఈ చివరిదాన్ని మరిచిపోతే, ఏదో ఒక రోజున పాస్‌వర్డ్ మార్చడానికి వచ్చే సంకేత సంఖ్య సంఘంతో సంబంధం తెగిపోయిన మనిషి ఫోనుకు వెళుతుంది.